మాటలొచ్చు, వరుస రాదు: ఇంగ్లీషు వాక్యం నోటికి అలవాటయ్యేదెలా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివాను. టెన్సులు తెలుసు, మాటలు తెలుసు. పరీక్షలో చెల్లాచెదురుగా ఇచ్చిన మాటల్ని వరుసలో పెట్టమంటే పదికి తొమ్మిది కరెక్టుగా పెడతాను. నోరు తెరిస్తే మాత్రం 'ఐ యెస్టర్డే మార్కెట్ టు...' దగ్గర ఆగిపోతాను. రెండు నెలల్లో ఇంటర్వ్యూలున్నాయి. వాక్యంలో వరుస కుదరాలంటే రోజూ ఏం చేయాలి?"

ఇరవై రెండేళ్లుగా స్పోకెన్ ఇంగ్లీషు చెప్తున్నాను. మొదట ఒంగోల్లో ఒక మేడ మీద రేకుల షెడ్డులో, తర్వాత హైదరాబాద్ అమీర్‌పేటలో, ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో. ఈ ప్రశ్న అడగని బ్యాచ్ నాకు ఒక్కటీ గుర్తులేదు. కాకపోతే మీరు ఒక మాట అదనంగా చెప్పారు. పరీక్షలో వస్తుంది, నోట్లో రాదు అన్నారు. జబ్బు ఎక్కడుందో ఆ మాటే చెప్పేస్తోంది.

జంబుల్డ్ సెంటెన్స్‌లో క్రియ కాగితం మీద మీ కళ్ల ముందే ఉంటుంది. దాన్ని సరైన చోట పెట్టడమే మీ పని. మాట్లాడేటప్పుడు ఆ క్రియని ఎవరూ చేతికివ్వరు, మీరే తేల్చుకోవాలి. అదీ రెండో మాటకల్లా తేల్చుకోవాలి. తెలుగులో మనకి ఈ తొందర లేదు. "నిన్న మా అన్నయ్య వాళ్ల ఆఫీసులో పనిచేసే అతనికి..." అని మొదలుపెట్టేసి, ఫోన్ చేశామా, డబ్బులిచ్చామా, పెళ్లి కుదిరిందా అన్నది తీరిగ్గా చివర్లో చెప్పొచ్చు. వినేవాళ్లు కూడా అప్పటిదాకా ఊఁ కొడుతూ ఉంటారు. చిన్నప్పటి నుంచీ క్రియని చివరికి దాచుకోవడం మనకి అలవాటు. ఇంగ్లీషు ఆ అప్పు ఇవ్వదు. అందుకే మీకు కావాల్సింది మాటల్ని సర్దే సాధన కాదు, క్రియని ముందే తేల్చుకునే సాధన. కింద చెప్పేవన్నీ దాని కోసమే.

నా సంగతే చెప్తాను. కొత్తగా లెక్చరర్‌గా చేరిన కాలేజీలో ప్రిన్సిపాల్ దగ్గరికి సెలవు అడగడానికి వెళ్లాను. "సర్, టుమారో మై సిస్టర్స్ మ్యారేజ్ ఫర్... త్రీ డేస్ లీవ్..." అక్కడ ఆగింది. తెలుగులో అయితే చివర "కావాలి" అంటే సరిపోయేది. ఆయన కళ్లజోడు పైనుంచి చూస్తున్నాడు. నేను 'కావాలి'కి ఇంగ్లీషు వెతుక్కుంటున్నాను. 'వాంట్', 'నీడ్' రెండూ నాకు తెలుసు. ఆరో క్లాసు నుంచీ తెలుసు. కానీ అవి రావాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయింది. అప్పటికి నాకు ఎం.ఏ. ఉంది, అదీ ఇంగ్లీషులోనే.

ముందు రెండు భాషల నడక కాస్త చూద్దాం. "రాముడు రావణుణ్ణి చంపాడు" అనండి, "రావణుణ్ణి రాముడు చంపాడు" అనండి, "చంపాడు రాముడు రావణుణ్ణి" అనండి, చచ్చింది రావణుడే. ఎందుకంటే 'ణ్ణి' అనే విభక్తి రావణుడికి అతుక్కుని ఉంది. అతన్ని వాక్యంలో ఎక్కడ కూర్చోబెట్టినా అదే అతని గుర్తింపు కార్డు. ఇంగ్లీషులో ఆ కార్డు లేదు. "రామా కిల్డ్ రావణా" అన్నదాన్ని తిరగేస్తే రామాయణమే తిరగబడుతుంది. అక్కడ మనిషి ఎవరో చెప్పేది అతను కూర్చున్న సీటు. క్రియకి ముందు సీటులో ఉన్నవాడు చేసినవాడు, వెనక సీటులో ఉన్నవాడు పడినవాడు.

ఇంగ్లీషు మొదటినుంచీ ఇలా లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో కూడా నామవాచకాలకి విభక్తి ప్రత్యయాలుండేవి, మాటల్ని అటూ ఇటూ జరిపే వీలుండేది. ఆ ప్రత్యయాలు కొన్ని వందల ఏళ్లలో అరిగిపోయాయి. 'హి-హిమ్', 'షి-హర్' లాంటి జంటల్లో వాటి ఆనవాళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. ప్రత్యయం చేసే పని సీటు మీద పడింది. అందుకే ఇంగ్లీషువాళ్లకి వరుస అంటే అంత పట్టుదల.

మనదేదో వింత భాష అనుకుని చిన్నబుచ్చుకోకండి. పదక్రమం మీద జరిగిన పెద్ద సర్వే ఒకదానిలో 1,376 భాషలు లెక్క వేస్తే, మనలాగ కర్త, కర్మ, క్రియ వరుసలో నడిచేవి 564, ఇంగ్లీషులాగ నడిచేవి 488. జపనీస్, కొరియన్, టర్కిష్, హిందీ అన్నీ మన పక్షమే. అటునుంచి ఇటు వచ్చేవాళ్లకీ ఇదే తిప్పలు. 1820లో కడపలో ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగడం నేర్చుకుని ఉంటాడు. మనం ఆగకుండా ఉండటం నేర్చుకోవాలి.

ఇప్పుడు అసలు కిటుకు. ఇది నా క్లాసులో మొదటి రోజే బోర్డు మీద రాస్తాను.

తెలుగు వాక్యం ఎడమవైపుకి పెరుగుతుంది. చూడండి: "కలిశాడు." "రవిని కలిశాడు." "బస్టాండులో రవిని కలిశాడు." "నిన్న బస్టాండులో రవిని కలిశాడు." కొత్త ముక్క ప్రతిసారీ ముందుకొచ్చి చేరుతోంది. ఇంగ్లీషు కుడివైపుకి పెరుగుతుంది: "మెట్." "మెట్ రవి." "మెట్ రవి అట్ ద బస్ స్టాండ్." "మెట్ రవి అట్ ద బస్ స్టాండ్ యెస్టర్డే." రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మలా ఉంటుంది. కర్తని మాత్రం రెండింటిలోనూ మొదటే ఉంచండి. మిగతాదంతా తోక పట్టుకుని వెనక్కి చదివితే చాలావరకు ఇంగ్లీషు వరుస వచ్చేస్తుంది. "మా చెల్లి / ప్రతి ఆదివారం / గుడి దగ్గర / పూలు / అమ్ముతుంది." వెనక్కి చదవండి: "మై సిస్టర్ / సెల్స్ / ఫ్లవర్స్ / నియర్ ద టెంపుల్ / ఎవ్రీ సండే."

ఈ అద్దం ఒక్కో మాట లోపల కూడా పనిచేస్తుంది. అది నేను చాలా ఆలస్యంగా గమనించాను. 'టేబుల్ మీద' తిరగేస్తే 'ఆన్ ద టేబుల్'. 'చేయగలను'లో ముందు చేయడం, తర్వాత గలగడం. ఇంగ్లీషులో 'కెన్' ముందు, 'డు' తర్వాత. 'వెళ్లాల్సి వచ్చింది' తిరగేస్తే 'హ్యాడ్ టు గో'. "రేపు వస్తాను అని చెప్పాడు" అన్నదాన్ని చివర్నుంచి చదవండి: చెప్పాడు, అని, వస్తాను, రేపు. "హి సెడ్ దట్ హి వుడ్ కమ్ టుమారో." 'అని' ఉన్నచోట 'దట్' వచ్చి కూర్చుంది. 'వస్తాను' అన్నది 'హి వుడ్ కమ్' అయింది. ఆ మార్పు వేరే పాఠం, ప్రస్తుతానికి వరుస చాలు.

అద్దం పనిచేయని చోట్లు కూడా తెలిసుండాలి. 'ఎర్ర చీర' ఇంగ్లీషులోనూ 'రెడ్ శారీ'యే. 'మూడు ఇడ్లీలు', 'మా నాన్న సైకిల్' లాంటివి కూడా తిరగవు. ఇవి మనకి ఉచితంగా వచ్చినవి, వీటి మీద టైము పెట్టకండి. విశేషణాలు నాలుగైదు వరసగా వచ్చినప్పుడు ముందు సైజు, తర్వాత వయసు, తర్వాత రంగు అని పుస్తకాల్లో ఒక పెద్ద వరుస ఉంటుంది. పరీక్షకి చదువుకోండి. మాట్లాడేటప్పుడు ఎవరూ ఒక వస్తువుకి ఐదు విశేషణాలు తగిలించరు.

ఇక సాధన. "తెలుగులో ఆలోచించకండి, ఇంగ్లీషులోనే ఆలోచించండి" అని మీకు ఇప్పటికే ఎవరో చెప్పే ఉంటారు. ఈ సలహా నాకు నచ్చదు. ఈత రానివాడితో "మునగకు" అన్నట్టుంటుంది. మొదటి వారం నేను దీనికి పూర్తిగా ఎదురు సలహా ఇస్తాను. తెలుగులోనే మాట్లాడండి, కానీ ఇంగ్లీషు వరుసలో మాట్లాడండి. "నేను కలిశాను రవిని, బస్టాండులో, నిన్న." "మా అమ్మ చేసింది పులిహోర, పొద్దున్నే, గుడి కోసం." వినడానికి వింతగా ఉందా? నిజానికి మనం ఇలా రోజూ మాట్లాడుతూనే ఉంటాం. "చూశాను రా మీ వాణ్ణి, నిన్న, సినిమా హాలు దగ్గర" అంటాం. ఉత్సాహం వచ్చినా, కోపం వచ్చినా తెలుగులో కూడా క్రియ ముందుకి దూకుతుంది. ఆ వరుస మీ నోట్లో ముందునుంచే ఉంది. దాన్ని కావాలని వాడటమే ఈ వారం పని.

వారం ఎందుకంటే, రెండు పనులు ఒకేసారి చేయించితే బుర్ర మొరాయిస్తుంది. ఇంగ్లీషు మాట వెతకడం ఒక పని, వరుస మార్చడం ఇంకో పని. తెలుగు మాటలతో వరుస మార్చడం అలవాటైతే సగం బరువు దిగుతుంది. బస్సులో కూర్చుని కిటికీలోంచి కనిపించినవన్నీ ఇలా మనసులో చెప్పుకోండి. "ఒకాయన తోస్తున్నాడు బండిని, రోడ్డు పక్కన." "ఇద్దరు పిల్లలు తింటున్నారు ఐస్‌క్రీమ్." ఇంట్లో ఎవరైనా తోడు దొరికితే పైకే చెప్పండి. మా ఇంట్లో మా అబ్బాయి దీన్ని ఆటలా చేసి వారం రోజులు మమ్మల్ని చంపుకు తిన్నాడు. "నాకు పెట్టు అన్నం, పెరుగుతో, ఇప్పుడు!"

రెండో వారం నుంచి ఇంగ్లీషు మాటలతో. మూడు మాటలతో మొదలుపెట్టండి, అంతకన్నా ఎక్కువ వద్దు. రోజుకి పది క్రియలు తీసుకోండి. ఈట్, బై, సెండ్, కాల్, ఓపెన్, వాష్, ఇలా ఇంట్లో రోజూ జరిగేవే. ఒక్కోదానికి కర్త, కర్మ తగిలించండి. "మై ఫాదర్ రీడ్స్ ద పేపర్." ఆగండి. ఒక ఊపిరి తీసుకోండి. తర్వాత తోక కలపండి. "ఇన్ ద వరండా." మళ్లీ ఊపిరి. "ఎవ్రీ మార్నింగ్." ఆ ఊపిరి కోసం సిగ్గుపడక్కర్లేదు. మూడు మాటలకే వాక్యం పూర్తయిపోయింది కాబట్టి, మీరు ఎక్కడ ఆగినా వినేవాళ్లకి విషయం అందుతుంది. "మై ఫాదర్ ఎవ్రీ మార్నింగ్ వరండా ఇన్..." అని ఆగితే మాత్రం అందదు. ఇంటర్వ్యూలో టెన్షన్ తగ్గించేది ఈ తేడాయే. పడిపోయినా నేల దగ్గర్లోనే ఉంటుంది.

ఇక్కడే ఇంకో అలవాటు చేసుకోండి. నోరు తెరిచేముందు మనసులో ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఎవరు, ఏం చేశారు?" దానికి జవాబు దొరికాకే మొదటి మాట బయటికి రావాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు అన్నవి దారిలో దొరుకుతాయి. అడగ్గానే జవాబివ్వాలని మనవాళ్లు తొందరపడతారు. రెండు సెకన్లు ఆలోచించి మాట్లాడితే ఇంటర్వ్యూ చేసేవాళ్లు తప్పు పట్టరు.

ఇప్పుడు మనవాళ్లు అందరూ జారిపడే చోట్లు. వీటి మీద కొంచెం ఎక్కువ చెప్తాను.

మొదటిది 'నాకు'. "నాకు జ్వరం వచ్చింది" అనే వాక్యంలో మనం బాధ్యత జ్వరం మీద పెట్టాం. వచ్చింది జ్వరం, నేను అక్కడ ఊరికే ఉన్నాను. దాన్ని అలాగే దించితే "టు మి ఫీవర్ కేమ్" అవుతుంది. ఇంగ్లీషు మొదటి సీటు మనిషికే ఇస్తుంది: "ఐ హ్యావ్ ఎ ఫీవర్." ఇలాంటివన్నీ ఒకే కుటుంబం. నాకు తెలుసు, "ఐ నో." నాకు ఆకలేస్తోంది, "ఐ యామ్ హంగ్రీ." నాకు ఇద్దరు అక్కలు, "ఐ హ్యావ్ టూ ఎల్డర్ సిస్టర్స్." నాకు ఈత రాదు, "ఐ కాంట్ స్విమ్." నాకు ఆ సినిమా నచ్చలేదు, "ఐ డిడ్‌ంట్ లైక్ దట్ మూవీ." నాకు ఆలస్యమైంది, "ఐ యామ్ లేట్." అన్నిచోట్లా 'నాకు' వెళ్లి 'ఐ' అయింది. మరి "నాకు పుస్తకం ఇచ్చాడు" అన్నప్పుడో? అక్కడ ఇచ్చినవాడు వేరే ఉన్నాడు, కాబట్టి 'మి'. పరీక్ష ఇది: ఆ వాక్యంలో పని చేసిన మనిషి ఇంకొకరు ఉన్నారా? లేకపోతే 'నాకు' ఉన్న మనిషిని మొదటి సీటులో కూర్చోబెట్టండి. ఒక రోజంతా మీ నోట్లోంచి వచ్చే 'నాకు', 'వాడికి', 'మా అమ్మకి' వాక్యాలని ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. సాయంత్రానికి ముప్ఫై దాటతాయి. మీ సిలబస్ అదే. ఏ పుస్తకమూ అంత బాగా ఇవ్వలేదు.

'ఇవ్వడం' గురించి ఒక చిన్న మాట. "ఐ గేవ్ ఎ సైకిల్ టు మై బ్రదర్" అనొచ్చు, "ఐ గేవ్ మై బ్రదర్ ఎ సైకిల్" అనొచ్చు. మనిషి ముందుకొస్తే 'టు' దిగిపోతుంది. రెండూ కలిపి "గేవ్ టు మై బ్రదర్ ఎ సైకిల్" అనకండి.

రెండోది ఖాళీ సీటు. తెలుగులో "వస్తున్నాను" అంటే చాలు, 'నేను' అక్కర్లేదు, క్రియలోనే ఉంది. "వాన పడుతోంది", "ఆలస్యమైంది", "చాలా దూరం", వీటిలోనూ మొదటి సీటులో ఎవరూ లేకపోయినా మనకి ఇబ్బంది లేదు. ఇంగ్లీషుకి ఇబ్బంది. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతాం చూడండి, 'ఇట్' అలాంటి కర్చీఫ్. "ఇట్ ఈజ్ రెయినింగ్." "ఇట్ ఈజ్ ఫార్ ఫ్రమ్ హియర్." ఆ 'ఇట్' ఎవరు అని వెతక్కండి, ఎవరూ కాదు, సీటు ఆపడానికి వేసిన గుడ్డముక్క. "మా ఊళ్లో రెండు బ్యాంకులున్నాయి" అనాలంటే 'దేర్' అనే కర్చీఫ్ వేస్తారు: "దేర్ ఆర్ టూ బ్యాంక్స్ ఇన్ మై విలేజ్." క్రియ సీటు కూడా అంతే. "మా నాన్న రైతు" అన్న వాక్యంలో క్రియే లేదు, తెలుగుకి అక్కర్లేదు. "మై ఫాదర్ ఫార్మర్" అనేస్తాం. 'ఈజ్ ఎ' పడాలి. ఇది ఇంటర్వ్యూలో మొదటి నిమిషంలోనే వచ్చే వాక్యం, కాబట్టి నిద్రలో లేపి అడిగినా వచ్చేదాకా అనండి.

మూడోది ప్రశ్నలు. ఇదే పెద్దది. తెలుగులో ప్రశ్నకి మాటల వరుస మారదు. "మీరు విజయవాడ వెళ్తున్నారు" చివర దీర్ఘం తీస్తే "వెళ్తున్నారా?" అయిపోయింది. 'ఎక్కడికి' వేసినా మిగతా మాటలు కదలవు. అందుకే "వేర్ యు ఆర్ గోయింగ్?", "వై హి ఈజ్ నాట్ కమింగ్?" అంటాం. ఇంగ్లీషులో ప్రశ్న వేయాలంటే సహాయక్రియ కర్తని దాటి ముందుకి రావాలి. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలిసిన వెంటనే రెండో గొయ్యి మొదలవుతుంది. అలా తిప్పడం పట్టుబడ్డాక "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి", "కెన్ యు టెల్ మి వాట్ ఈజ్ ద టైమ్" అని లోపలి ప్రశ్నని కూడా తిప్పేస్తాం. లోపలిది తిప్పకూడదు. "ఐ డోంట్ నో వేర్ హి ఈజ్." తెలుగులో దీనికి సాయం ఉంది. "ఎక్కడున్నాడు?" అని అడగడం వేరు, "ఎక్కడున్నాడో తెలీదు" అనడం వేరు. మీ తెలుగు వాక్యంలో 'డో', 'రో', 'దో' లాంటి ఓకారం వచ్చిందంటే ఇంగ్లీషులో తిప్పొద్దని గుర్తు.

దీనికి నేను నాలుగు మెట్ల సాధన చేయిస్తాను. ఒకే విషయాన్ని నాలుగుసార్లు, గట్టిగా, ఆగకుండా చెప్పాలి:

"హి ఈజ్ ఇన్ వైజాగ్. ఈజ్ హి ఇన్ వైజాగ్? వేర్ ఈజ్ హి? ఐ డోంట్ నో వేర్ హి ఈజ్."

"షి వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్. డస్ షి వర్క్ ఇన్ ఎ బ్యాంక్? వేర్ డస్ షి వర్క్? ఐ డోంట్ నో వేర్ షి వర్క్స్."

రెండోదానిలో 'వర్క్స్' చివరి సకారం ఎక్కడికెళ్లిందో చూడండి. ప్రశ్నలో అది 'వర్క్'ని వదిలి 'డస్'కి అంటుకుంది, నాలుగో మెట్టులో మళ్లీ ఇంటికి తిరిగొచ్చింది. దీన్ని సూత్రంగా బట్టీపట్టి లాభం లేదు. నాలుక మీద తిరగాలి. రోజుకి ఐదు వాక్యాలు, ఒక్కోటీ నాలుగు మెట్లు. నెల తిరిగేసరికి నూట యాభై అవుతాయి. నేను చూసినంతలో ఇరవై రోజులకి "వేర్ యు ఆర్" అనడం తగ్గుతుంది. "ఐ డోంట్ నో వేర్ ఈజ్" మాత్రం మొండిది, ఇంకొంచెం కాలం పడుతుంది. పేపర్లలో, టీవీల్లో కూడా వినిపిస్తూనే ఉంటుంది, కాబట్టి దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

నాలుగోది మన 'ఏ'. "ఇక్కడే ఉన్నాను" అన్నదానికి "ఐ యామ్ హియర్ ఓన్లీ" అంటాం. "ఇప్పుడే వచ్చాను" అంటే "నౌ ఓన్లీ ఐ కేమ్." తెలుగు 'ఏ' చేసేది నొక్కి చెప్పడం, 'మాత్రమే' అని కాదు. ఇంగ్లీషులో ఆ నొక్కు గొంతుతో వస్తుంది, లేదా వేరే మాటతో. "ఐ యామ్ రైట్ హియర్." "ఐ జస్ట్ కేమ్." చివర 'ఓన్లీ' వేస్తే మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. అమెరికాలో ఉన్న క్లయింటుతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగమైతే మాత్రం మానుకోవడం మంచిది, అవతలివాళ్లు 'ఓన్లీ' అంటే 'మాత్రమే' అనే అనుకుంటారు.

'ఆల్వేస్', 'యూజువల్లీ' లాంటివి ఎక్కడ వేయాలని చాలామంది అడుగుతారు. మామూలు క్రియకి ముందు, 'ఈజ్-ఆర్-వాజ్'కి తర్వాత. "హి ఆల్వేస్ కమ్స్ లేట్", "హి ఈజ్ ఆల్వేస్ లేట్." క్రియకీ కర్మకీ మధ్య మాత్రం ఏమీ దూర్చకండి. "ఐ స్పీక్ వెల్ ఇంగ్లీష్" అనకూడదు, "ఐ స్పీక్ ఇంగ్లీష్ వెల్" అనాలి. ఇంతే.

ఐదోది, కొంచెం పైమెట్టు. "నిన్న నువ్వు కొన్న ఫోను", "బెంజ్ సర్కిల్ దగ్గర ఉండే మా పిన్ని". తెలుగులో వర్ణన అంతా ముందు చెప్పి, వస్తువుని చివర్లో చూపిస్తాం. ఇంగ్లీషులో ముందు వస్తువుని చూపించి, ఆ తర్వాత కథ చెప్తారు: "ద ఫోన్ యు బాట్ యెస్టర్డే", "మై ఆంట్ హు లివ్స్ నియర్ బెంజ్ సర్కిల్." ఇక్కడా అద్దమే, కాకపోతే పెద్ద అద్దం. దీనికి సాధన ఇంట్లోనే ఉంది. ఒక్కో వస్తువు మీద వేలు పెట్టి, ముందు దాని పేరు, తర్వాత దాని కథ. "ద చైర్ మై ఫాదర్ బాట్ ఇన్ రాజమండ్రి." "ద మిక్సీ దట్ మేక్స్ టూ మచ్ నాయిస్." "ద అంకుల్ హు కమ్స్ ఓన్లీ ఫర్ ఫెస్టివల్స్." ఆఖరిదాని మీద వేలు పెట్టకండి.

జంబుల్డ్ సెంటెన్స్ పుస్తకాలు పారేయమని నేను అనను. వాటిని ఎలా వాడాలో మార్చండి. పుస్తకంలో వాక్యాలు కాదు, నిన్న మీరు తప్పు చెప్పిన మీ సొంత వాక్యాలే తీసుకోండి. పాత క్యాలెండర్ కాగితం వెనక సరైన రూపం రాసి, ముక్కలుగా కత్తిరించి, కవరులో వేసుకోండి. క్రియ ముక్కని మాత్రం బయట ఉంచేయండి, కవరులో వేయొద్దు. మర్నాడు తీసి పేర్చేటప్పుడు ఆ క్రియ ఏమిటో మీరే గుర్తు తెచ్చుకోవాలి, అదీ అన్నిటికన్నా ముందు. నోటికొచ్చే పరిస్థితికి ఇది కాస్త దగ్గరగా ఉంటుంది.

వినడానికి ఏం వినాలంటే, వార్తలకన్నా క్రికెట్ కామెంటరీ మేలని నేను చెప్తాను, అదీ రేడియో తరహాది. బంతి పడే లోపల చెప్పాలి కాబట్టి కామెంటేటర్‌కి వంకర వాక్యాలకి టైముండదు. ఎవరు, ఏం కొట్టారు, ఎటువైపు. "హి డ్రైవ్స్ ఇట్ త్రూ ద కవర్స్." వార్తల్లో వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, కర్తకీ క్రియకీ మధ్య ఒక జిల్లా దూరం ఉంటుంది. మ్యాచ్ చూస్తూ సౌండు తీసేసి మీరే రెండు ఓవర్లు కామెంటరీ చెప్పండి, ఫోన్లో రికార్డ్ చేయండి. క్రికెట్ పడనివాళ్లు వంటింటి కామెంటరీ చెప్పొచ్చు. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి వాళ్లమ్మ దోసెలు పోస్తుంటే పక్కన నిలబడి చెప్పేది. వాళ్లమ్మగారు మూడో రోజున "నాక్కూడా నేర్పవే" అన్నారట.

రికార్డింగ్ గురించి ఒక జాగ్రత్త. మొత్తం విని బాధపడకండి. ప్రతి వాక్యంలో మొదటి రెండు మూడు మాటలే వినండి. రెండో మాటకల్లా, మహా అయితే మూడో మాటకల్లా క్రియ వచ్చిందా లేదా అని టిక్కు పెట్టుకోండి. 'ఎ', 'ద' తప్పులూ, స్పెల్లింగులూ, యాసా ఇవేవీ ఇప్పుడు పట్టించుకోవద్దు. ఒకేసారి అన్నీ దిద్దబోతే ఏదీ దిద్దలేం.

రోజుకి ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా ఆరు రోజులు వదిలేస్తే నాలుకకి అంటదు. రాయడం వద్దా అని అడుగుతారేమో, రాయండి, కానీ ముందు నోటితో అని ఆ తర్వాత రాయండి. ముందు రాస్తే మీరు మళ్లీ పరీక్ష హాల్లోకి వెళ్లిపోతారు, అక్కడ మీకు ముందునుంచే తొమ్మిది మార్కులొస్తున్నాయి.

మీకు రెండు నెలలే ఉంది కాబట్టి నేనైతే ఇలా కోస్తాను. ఐదోది, 'ఓన్లీ' సంగతీ ఇప్పటికి వదిలేయండి. మొదటి వారం ఇంగ్లీషు వరుసలో తెలుగు, రెండో వారం మూడు మాటల వాక్యాలూ తోకలూ, మూడో వారం 'నాకు' నోట్‌బుక్, ఆ తర్వాత రెండు వారాలు నాలుగు మెట్లు. మిగిలిన రోజుల్లో మీ గురించి మీరు చెప్పే పది వాక్యాలు తీసుకుని, వాటిని చూడకుండా, ప్రతిసారీ వేరే తోకలతో చెప్పండి. బట్టీపట్టిన 'సెల్ఫ్ ఇంట్రడక్షన్' వద్దు. మధ్యలో వాళ్లు ఒక్క ప్రశ్న అడిగితే అది కూలిపోతుంది. ఇవాళ రాత్రి పడుకునేముందు రెండు నిమిషాలు ఏదైనా మాట్లాడి రికార్డ్ చేసి, ఆ ఫైలుని చెరపకుండా దాచుకోండి. ఆరో వారం చివర మళ్లీ రెండు నిమిషాలు మాట్లాడి, రెండిట్లోనూ టిక్కులు లెక్కపెట్టండి. పెరగకపోతే రెండు ఫైళ్లూ నాకు పంపండి, ఎక్కడ ఆగుతోందో విని చెప్తాను.